తులసిదళం: వాడ దిక్కు నుంచి చదివితే

(బోధన్ దగ్గరి ఒక పల్లెలో, మా పఠన మందిరంలో కూడినవారి ముందు చేసిన ప్రసంగ పాఠం)



మనల్ని తిట్టిన రచయిత గురించి మాట్లాడుడు అల్కగ ఉంటది. ఆయన ఏం రాస్తడో మనకు ముందే ఎరుక. ఇయ్యాల మేము మాట్లాడేది అట్లాంటాయన గురించి కాదు. మనం ఎగబడి చదివిన రచయిత గురించి, ఆయన రాసిన ఒక విచిత్రమైన నవల గురించి. రచయిత యండమూరి వీరేంద్రనాథ్. నవల తులసిదళం.

దళితుల మీటింగుల యండమూరితోని ఏం పని అని కొందరు మిత్రులు అడిగిండ్రు. పని ఉన్నది. మీటింగులల్ల మనం పేర్లు చెప్పే పుస్తకాలు వేరు, ఇంట్ల దిండు కింద ఉండే పుస్తకాలు వేరు. మన వాడల్ల పదో తరగతి దాకా వచ్చిన మొదటి తరం పిల్లలు, పాఠ్యపుస్తకం అయినంక తమంతట తాము చదివిన మొదటి పుస్తకం ఏందని అడిగి చూడండి. పదిమందిల ఆరుగురు యండమూరి పేరే చెప్తరు. మాలోనూ అంతే. దానికి మేము సిగ్గుపడేది ఏం లేదు.

తులసిదళం 1980-81లో ఆంధ్రభూమి వారపత్రికల సీరియల్‌గా వచ్చింది. అప్పటికి శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ నిండుగ నడుస్తున్నది. 1937ల నిజాం సర్కారు పెట్టిన ఫ్యాక్టరీ అది. నిజాంసాగర్ కాలువ నీళ్లు, చుట్టూ చెరుకు. గానుగ సీజన్‌ల చెరుకు బండ్లు గేటు బయట రాత్రంతా లైను కట్టి ఉంటుండె. తన బండి వంతు ఎప్పుడొస్తదో తెల్వదు. చలిమంట కాడ ఒకడు చదువుతుంటే పదిమంది వింటుండ్రి. చదివేటోడు మాల పిలగాడో మాదిగ పిలగాడో అయితే ఆసాములు కూడా ఆ ఒక్క గంటసేపు వాన్ని పక్కన కూసోనిస్తుండ్రి. ఇటు నిజామాబాద్‌ల, ఆర్మూర్ దిక్కు, కామారెడ్డి దిక్కు బీడీలు చేసే ఆడోళ్ల కాడ కూడా ఇదే కథ. ఒళ్లో చాట, చేతిల తునికాకు, కండ్లు పని మీద, చెవులు చదివే పిల్ల మీద. వారం పత్రిక కొనేది ఒక్కరు, చదివేది ఇరవై ఇండ్లు. చివరికి ఆ పత్రికకు అట్ట కూడా మిగులుతుండకపాయె.

ఎందుకంత ఇష్టం? ఆయన రాత ఆగనియ్యదు. పెద్ద పెద్ద సంస్కృతం మాటలతోని మనల్ని గడప బయట నిలబెట్టలేదు. ప్రార్థనల క్యాన్సర్ మందు కోసం కొట్లాట చదివినం. వెన్నెల్లో ఆడపిల్లల చదరంగం చదివినం. మన వాడల ఎవ్వరింట్ల చదరంగం బల్ల లేదు గాని, ఆ నవల చదివినంక గచ్చు మీద బొగ్గుతోని గీసుకోని ఆడిన పిలగాండ్లు ఉన్నరు. సైన్సు, కోర్టు, బ్యాంకు, డబ్బు, ఇవన్నీ పట్నపోళ్ల గుట్టు అనుకునేటోళ్లకు ఆ గుట్టు ఇప్పి చూపించిండు. అది చిన్న పని కాదు. దాన్ని వెక్కిరించే సాహిత్య పెద్దలున్నరు. వాళ్లు మన వాడకు ఒక్క పుస్తకం చేర్చలేదు.

ఇగ అభిలాష సంగతి. అది మాకు ప్రాణం లెక్క. ఉరిశిక్ష ఉండొద్దని పట్టుబట్టిన ఒక వకీలు కథ అది. తప్పు చెయ్యనోడు కూడా సాక్ష్యాల పుణ్యాన ఉరికంబం దాకా పోతడని రుజువు చేసేటందుకు ఆయనే కావాలని హంతకుని లెక్క ఇరుక్కుంటడు. 1983ల చిరంజీవితోని సినిమా కూడా వచ్చింది. పోలీస్ స్టేషన్ అంటే వణికే మన పిలగాండ్లకు ‘సాక్ష్యం’ అనే మాట మీద అనుమానం నేర్పిన కథ అది. నలుగురు చూసినమని చెప్పినంత మాత్రాన అది నిజం కాదని, అందరు ఒక్క తీరు వేలు చూపించినా ఆ మనిషి నిర్దోషి కావచ్చునని మనకు కథ రూపంల చెప్పిండు.

అసొంటి రచయిత తులసిదళంల ఏం చేసిండు?

కథ మీకు తెలిసిందే, చదవనోళ్ల కోసం రెండు ముక్కలు. తులసి అని ఒక చిన్నపిల్ల. ఆ పిల్ల పేరు మీద రావాల్సిన ఆస్తి ఉన్నది. పిల్ల సచ్చిపోతే ఆ ఆస్తి దక్కేటోళ్లు ఉన్నరు. వాళ్ల కోసం ఒరిస్సా అడవి దిక్కు మంత్రగాడు కాద్రా ఆ పిల్ల మీదికి కాష్మోరా అనే క్షుద్రశక్తిని తోలుతడు. పిల్ల రోజు రోజుకు నలిగిపోతది. తల్లిదండ్రులు తల్లడిల్లుతరు. డాక్టర్లు, హిప్నాటిజం తెలిసినోళ్లు ఒక దిక్కు. మంత్రానికి మంత్రమే విరుగుడు అనేటోళ్లు ఒక దిక్కు. రచయిత రెండు దిక్కుల కథను పక్క పక్కన ఉరికిస్తడు. ఆఖరుకు పిల్ల బతుకుతది. దేనివల్ల బతికిందో తేల్చడు. అది శాస్త్రం గెలుపు అనుకుంటే అనుకో, మంత్రగాని పీడ విరగడైనందుకే అనుకుంటే అనుకో, నీ ఇష్టం అని పుస్తకం మూస్తడు.

నాటకాలు రాసి పేరు తెచ్చుకున్నాయన, చార్టర్డ్ అకౌంటెంట్ చదువు చదివినాయన, శ్మశానంలకు దిగిండు. తెలుగుల అట్లాంటిది అంత జోరుగ అంతకుముందు ఎవ్వరు రాయలేదు. అమెరికాల 1971ల ‘ఎక్సార్సిస్ట్’ అని దయ్యం పట్టిన పిల్ల నవల వచ్చింది, 1973ల సినిమా అయ్యింది. ఆ గాలి ఇక్కడికీ కొట్టింది. చదివినోళ్లు రాత్రిపూట బయటికి పోవడానికి జంకిండ్రు. మేమూ జంకినం. మంచిగనే రాసిండు, ఆ మాట దాచేది లేదు. తర్వాత ‘తులసి’ అని రెండో నవల వచ్చింది. 1986ల కాష్మోరా పేరు మీదనే సినిమా వచ్చింది. కాష్మోరా అనే మాట ఆ సీరియల్‌కు ముందు మా ఊర్లల్ల ఎవ్వరి నోట వినలేదు. నాలుగేండ్లు తిరిగేసరికి, అసలు వారపత్రిక ముఖమే ఎరుగని ముసలోళ్లు కూడా “వానికి కాష్మోరా పట్టింది” అనుడు మొదలుపెట్టిండ్రు. రచయిత కలం నుంచి ఊడిపడ్డ మాట తాతల కాలం నాటి మాట లెక్క అయి కూసున్నది.

మా నిరాశ ఎక్కడ ఉన్నదో సరిగ్గ అర్థం చేసుకోవాలె. నవలల దయ్యం ఉన్నదని కాదు. మన అవ్వలు చెప్పిన కథలల్ల ఎన్ని దయ్యాలు లేవు? ఒగ్గు కథల, బైండ్లోళ్ల కథల మనిషి మాయమైతడు, చెట్టు మాట్లాడుతది. దానితోని ఎవ్వనికి హాని కాలేదు. కొత్త రకం కథ రాసిండని కూడా కాదు, రాయాల్సిందే. మా పేచీ ఆఖరు పేజీలతోని. ఆ ‘నీ ఇష్టం’ తోని.

ఆ నీ ఇష్టం హైదరాబాద్‌ల అద్దె లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చుకున్న మనిషికి ఒక సరదా. చదివి, భయపడి, లైటు ఆర్పి పండుకుంటడు. పొద్దున లేచి ఆఫీసుకు పోతడు. ఊర్ల ఆ నీ ఇష్టం ఎవ్వరి ఇంటి మీద పడుతదో చూద్దాం.

ఊర్ల ఎట్ల మొదలైతదో మీకు మేము చెప్పాల్నా? ఒక పిల్లకు మూర్ఛ వస్తది. లేకుంటే మెదడుకెక్కిన మలేరియా జ్వరం, ముదిరిన పచ్చకామెర్లు, కనిపెట్టని టి.బి. దుబాయ్ పోయిన కొడుకు అప్పుతోని వాపస్ వచ్చి మాట్లాడుడు బంద్ చేస్తడు. దవాఖాన దూరం, చేతిల పైసలు లేవు. ఒకసారి పోయి వస్తరు, తగ్గదు. అప్పుడు చూసి చెప్పేటోని కాడికి పోతరు. వాడు పేరు చెప్పడు. “మీ ఇంటికి తూర్పు దిక్కు, ఒంటరి మనిషి, నల్లటి మనిషి” అంటడు. పేరు ఊరే పెట్టుకుంటది. ఆ దిక్కు ఎవలున్నరు? వాడ ఉన్నది. వాడల ఎవలు? మొగడు సచ్చిపోయిన ముసలామె. నాటు మందు ఇచ్చే మాదిగ తాత. డప్పు కొట్టేటోడు. కాటికాడ పని చేసేటోడు. ఊరి పీనుగులను మోసే పని మనకు అంటగట్టిందీ వాళ్లే, శ్మశానం తొవ్వ ఎరుకున్నోడు కాబట్టి మంత్రాలు కూడా ఎరుకుంటయి అనేదీ వాళ్లే.

తర్వాత రచ్చకాడ పంచాయితీ. చెట్టుకు కట్టేస్తరు. పళ్లు రాలగొడుతరు. పళ్లు లేకుంటే మంత్రం పారదట. మలం తాగిపిస్తరు. కొన్ని చోట్ల కిరోసిన్ పోసి అంటుపెట్టిండ్రు. పేపర్ల “మంత్రాల నెపంతో” అని నాలుగు లైన్ల వార్త వస్తది. నెపం అనే మాట సరైన మాటే. ఎందుకంటే తీగ గుంజితే చాలాసార్లు భూమి కదులుతది. ముసలామె పేరు మీద ఎకరం లావుణి పట్టా ఉంటది. పాలోళ్లకు దాని మీద కన్ను ఉంటది. లేకుంటే కూలి కాడ ఎదురు మాట్లాడి ఉంటడు, ఎన్నికలల్ల చెప్పినట్టు ఓటు వేయకపోయి ఉంటడు.

ఇక్కడ నవలను పక్కన పెట్టుకోని చూడండి. తులసిదళంల కూడా మూలం ఆస్తే. ఆ సంగతి రచయితకు తెలుసు, కథకు ఇరుసు అదే. కానీ నవలల ఆస్తి ఉన్నోళ్ల పిల్ల మీద మంత్రం పడుతది. ఊర్ల పడేది మంత్రం కాదు, మంత్రం చేసిందనే మాట. ఆ మాట పడేది గుంటెడు జాగ ఉన్న ముసలామె మీద. నవలల మనం ఎవ్వరి కోసం ఏడుస్తం? తులసి కోసం, ఆ తల్లి కోసం. ఏడవాల్సిందే, పసిపిల్ల బాధ పసిపిల్ల బాధే. కాద్రా కోసం ఎవ్వరన్న ఏడుస్తరా? అడవి దిక్కు మంత్రగాడు, వికారమైన మనిషి, వానికి ఒక తల్లి ఉన్నట్టు గాని, కడుపు ఆకలి ఉన్నట్టు గాని మనకు తోచనియ్యడు. వాడు సస్తే పిల్ల బతుకుతది అని పాఠకుడు పేజీ పేజీకి కోరుకుంటడు. మేమూ కోరుకున్నం, అంత బలంగ రాసిండు. ఇటు ఊర్ల పిల్లకు ఫిట్స్ వచ్చిన తండ్రి అదే కోరుకుంటడు. వాని ముందర ఉన్న మనిషి మటుకు కాగితం మీది కాద్రా కాదు.

అందుకే అభిలాషను యాది చేసినం. అక్కడ కోర్టు ఉన్నది, వకీలు ఉన్నడు, జడ్జి ఉన్నడు, అప్పీలు ఉన్నది. అన్ని ఉన్నా నిర్దోషి ఉరికంబం ఎక్కొచ్చు, జాగ్రత్త అన్నడు రచయిత. అప్పటి ఐపీసీ 302 సెక్షన్ మీద అంత తర్కం నడిపిండు. రచ్చకాడ వకీలు లేడు, అప్పీలు లేదు. అక్కడ నిందపడ్డ ముసలామెకు ఆ తర్కంల పావు వంతు కూడా దక్కలేదు. వేలు చూపించినంత మాత్రాన నేరం రుజువు కాదని అభిలాషల మనకు నేర్పిన కలమే, తులసిదళంల ‘ఏమో, మంత్రం నిజం కూడా కావచ్చు’ అన్నది. ఒక కలం రెండు నాలుకలు మాట్లాడిందని మేము అనం. తులసిదళం రాసేటప్పుడు ఆయనకు మన ఊరు కనపడలేదు. పట్నం పాఠకుడు ఒక్కడే కనపడ్డడు. మా నిరాశ అంతా అదే.

“నవలను నవల లెక్క చదవాలె, నమ్మేటోడు మూర్ఖుడు” అనేటోళ్లు ఉన్నరు. వాళ్లకు మాదొక్కటే ప్రశ్న. నమ్మేటోడు మూర్ఖుడే అనుకుందాం, మరి వాని చేతుల సచ్చేది ఎవరు? మూర్ఖుడు సావడు కదా. పక్కింటి ముసలామె సస్తది. ఆమె ఆ నవల చదవలేదు, ఆమెకు చదువే రాదు. ఒక్క నవలతోని హత్యలు జరిగినయని కూడా మేము అనం. చేతబడి అనే మాట ఊర్ల ముందు నుంచే ఉన్నది. నవల దానికి చదువుకున్నోళ్ల ముద్ర వేసింది. అంతకుముందు ఊర్ల చదువుకున్న పిలగాడు “అవన్నీ ఉత్తయే” అని ఎదురు మాట్లాడుతుండె. సీరియల్ చదివినంక ఆ పిలగాడే “సైన్సు కూడా కాదనలేకపోయిందట” అనుడు నేర్చిండు. ఇది మేము మా చెవులతోని విన్నం.

రంగనాయకమ్మ గారు ఆ నవల మీద ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని విమర్శ రాసిండ్రు. మూఢనమ్మకాన్ని అమ్ముకునుడు మీద కోపంతోని రాసిన రాత అది. ఆ కోపం సరైందే. మేము దానికి ఒక్క ప్రశ్న కలుపుతున్నం. మూఢనమ్మకం అందరిని ఒక్క తీరుగ కొట్టదు. అది ఊర్లకు వచ్చినంక కులం అడిగి, జాగ చూసి కొడుతది.

ఈ విషయం మీద అసలు నవలే రాయొద్దా అంటే, రాయాలె. అమెరికాల సేలం అనే ఊర్ల 1692ల మంత్రగత్తెలని నింద వేసి 19 మందిని ఉరి తీసిండ్రు. అక్కడ మొట్టమొదట వేలు చూపించిన వాళ్లల్ల టిటుబా అనే బానిస ఆడమనిషి ఉన్నది. దేశం ఏదైనా వేలు ముందుగాల ఎటు తిరుగుతదో చూసిండ్రా? 1953ల ఆర్థర్ మిల్లర్ ఆ సంగతి మీద ‘క్రూసిబుల్’ అనే నాటకం రాసిండు. అందుల కూడా పిల్లలకు పూనకం వచ్చినట్టు ఉంటది, భయం ఉంటది, ఊపిరి ఆగిపోయినట్టు ఉంటది. కానీ ఆయన నిందపడ్డోళ్ల ఇంట్ల నిలబడి రాసిండు. భయం నింద ఎట్ల అయితదో, నింద భూమి ఎట్ల గుంజుకుంటదో చూపించిండు. మన యండమూరికి ఆ శక్తి లేదా? ఉన్నది. అభిలాష రాసిన చెయ్యే కదా. కాద్రా మీద వేలు చూపించిన ఊరి గురించి ఆయన ఒక నవల రాసి ఉంటే, చెరుకు బండ్ల లైన్ల దాన్ని కూడా ఊపిరి బిగబట్టి వినేటోళ్లం.

ఒక ముచ్చట మధ్యల చెప్పి ముందుకు పోతం. ఆ ఎనభైల మొదట్లనే మన చేతికి ఇంకొక పుస్తకం వచ్చింది, చిన్నది. ‘పోలీసులు అరెస్టు చేస్తే’. రాసింది బొజ్జా తారకం గారు. గోదావరి జిల్లాల పుట్టి, నిజామాబాద్‌ల వకీలుగ ఉండి, ఇక్కడ అంబేద్కర్ యువజన సంఘం నిలబెట్టినాయన, ఎమర్జెన్సీల జైలుకు పోయినాయన. అది నవల కాదు, కథ లేదు, నాయిక లేదు. స్టేషన్‌కు గుంజుకపోతే నీకున్న హక్కులేందో చెప్పే పుస్తకం. దాన్ని ఎవ్వరు చలిమంట కాడ చదివి వినిపించలేదు. కానీ అది ఉన్న ఇంట్ల మనిషి స్టేషన్ మెట్ల మీద కొంచెం నిటారుగ నిలబడ్డడు. ఆ దశాబ్దంలనే జోగిని ఆచారం మీద ఈ జిల్లాల కొట్లాట నడిచింది. వర్ని దిక్కు హేమలతా లవణం గారు జోగిని అక్కచెల్లెండ్ల కోసం పని చేసిండ్రు. 1988ల చట్టం వచ్చింది. దేవుని పేరు మీద మన ఆడపిల్లలు, దయ్యం పేరు మీద మన ముసలోళ్లు. రెండింటికి బలి వాడ నుంచే.

ఇప్పుడు కార్యకర్తలు చెవిన పెట్టాల్సిన ముచ్చట. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989ది. 2015ల దాన్ని సవరించిండ్రు, 2016 జనవరి 26 నుంచి ఆ సవరణ అమలుల ఉన్నది. అందుల 3(1)(జెడ్‌బి) అని ఒక క్లాజు చేర్చిండ్రు. మంత్రాలు చేస్తున్నరని, చేతబడి చేసిండ్రని నింద వేసి ఎస్సీ, ఎస్టీ మనిషికి దెబ్బ తగిలించినా, మానసికంగ బాధ పెట్టినా అది నేరం. ఆరు నెలల నుంచి ఐదేండ్ల దాకా జైలు, జుర్మానా. పళ్లు రాలగొట్టినంకనే స్టేషన్‌కు పోవాలె అని లేదు. ఇంటి ముందట నిలబడి “మంత్రగత్తె” అని ఆమెకు నిద్ర లేకుండ చేసిన రోజే పోవచ్చు. దరఖాస్తుల ఎవ్వరు, ఏ రోజు, ఏ మాట అన్నరో ఆ మాట ఉన్నదున్నట్టు రాయాలె. “దూషించిండ్రు” అని రాస్తే సరిపోదు. సంపితే అది వేరే కేసు. పాత 302 ఇప్పుడు లేదు, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితల 103 సెక్షన్.

ఒక చేదు ముచ్చట కూడా చెప్పాలె. నింద వేసినోడు మన వాడ మనిషే అయితే అత్యాచారాల చట్టం వానికి వర్తించదు, మామూలు క్రిమినల్ చట్టమే దిక్కు. అట్లాంటి కేసులు తక్కువ లేవు. ఊరు పేరు పెడుతది, సంపే పని మనోని చేతనే చేయిస్తది. మంజీర దాటి అవతలికి పోతే మహారాష్ట్ర. అక్కడ నరేంద్ర దభోల్కర్ గారు మూఢనమ్మకాల మీద చట్టం కోసం ఏండ్ల తరబడి తిరిగిండ్రు. 2013 ఆగస్టు 20న పుణెల ఆయన్ని కాల్చి సంపిండ్రు. అదే ఏడు అక్కడ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద నింద వేసినోని కులం ఏదైనా కేసు అయితది. మన కార్యకర్తలు నాందేడ్ దిక్కు చుట్టరికాలు ఉన్నోళ్లు ఆ చట్టం ప్రతి సంపాదించి చదవాలె.

పోయిన కూటమిల ఒక తమ్ముడు అడిగిండు, “మరి తులసిదళంను కాలబెడుదమా అన్నా?” అని. 2004ల ఢిల్లీల కొందరు దళిత రచయితలు ప్రేమ్‌చంద్ నవల ‘రంగభూమి’ని కాలబెట్టిండ్రు. వాళ్ల బాధ వాళ్లది. మేము ఆ పని చెయ్యం. బాబాసాహెబ్ 1927ల మహాడ్‌ల మనుస్మృతిని కాలబెట్టింది అది ఊర్ల చట్టం లెక్క నడుస్తున్నది కాబట్టి. నవల చట్టం కాదు. పైగా కాలబెడితే మన పిలగాండ్లు ఇంకొక చోట దొంగతనంగ చదువుతరు, అప్పుడు పక్కన కూసోని మాట్లాడేటోళ్లు ఉండరు. తులసిదళం మన అల్మారాలనే ఉన్నది, అభిలాష పక్కన పెట్టినం. ఒకటి తీసుకపోయేటోళ్లు రెండోది కూడా తీసుకపోవాలె, రిజిస్టర్‌ల అట్లనే రాసుకుంటున్నం.

వచ్చే పక్షం అభిలాష మీద ముచ్చట పెడుదం. ఒక్కటే కాపీ ఉన్నది, మొదటి పది పేజీలు ఊడినయి, పారేయకుండ్రి. 3(1)(జెడ్‌బి) క్లాజును తెలుగుల పెద్ద అక్షరాలతోని రాసి మంచినీళ్ల కుండ పైన గోడకు అంటించినం. ఫోన్ల ఫోటో తీసుకునేటోళ్లు పోయేటప్పుడు తీసుకోండి. చదువురాని అవ్వలకు ఇంటికి పోయి చదివి వినిపియ్యండి.